మూతపడ్డ బడిలో పెద్దవాళ్లకు ఇళ్లు: నా అనుభవం

బొబ్బిలి దగ్గర మా ఊళ్లో ఒక సొసైటీ ప్రభుత్వ గ్రాంటుతో నడిపే ఎయిడెడ్ బడి ఉండేది. 2021లో ప్రభుత్వం ఎయిడ్ ఆపి టీచర్లను ప్రభుత్వ బడుల్లో సర్దేసింది. ఇక మిగిలింది ఖాళీ గదులు, ఆవరణలో తుప్పలు, కాగితం మీద ఆ సొసైటీ. దానికి సెక్రటరీని నేను. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడి, పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. ఆ గదులనే వాళ్లకు ఇళ్లుగా మారుద్దామని మా చిన్నాన్న అన్నాడు. అందరూ సరే అన్నారు. చిక్కంతా కాగితాలు తీశాకే మొదలైంది.

దానపత్రంలో స్థలం 'పాఠశాల నిమిత్తం' ఇచ్చినట్టు రాసి ఉంది. బడి లేనప్పుడు స్థలం ఎవరిది? దాత వారసులందరి సమ్మతి తీసుకోమన్నారు లాయరు గారు. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, సొసైటీ ఉద్దేశాల్లో వృద్ధుల నివాసం చేర్చి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించమన్నారు. విద్యాశాఖ నుంచి అభ్యంతరం లేదన్న లేఖ కూడా కావాలట. వారసుల్లో ఒకాయన రైల్వేలో చేసి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయాడు. ఫోన్ చేస్తే, "ఇందులో నాకేటి వస్తాది బాబూ?" అన్నాడు. విషయమంతా విన్నాక, "అయితే మా అప్పకి ఒక గది ఉంచండి" అని వాళ్లక్క కోసం అడిగి సంతకం పంపాడు. బేరం న్యాయంగానే ఉంది.

అసలు టెన్షన్ 22-ఏ దగ్గర. రీసర్వేలో మా స్థలాన్ని ప్రభుత్వ బడిగా రాసేశారు, దాంతో అది 22-ఏ, అంటే రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలోకి వెళ్లిపోయింది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడితే అది తహసీల్దార్ నుంచి ఆర్డీవోకు, అక్కడి నుంచి కలెక్టరేట్‌కు నత్తనడకన సాగింది. ఎక్కడికి వెళ్లినా "బడంటే ప్రభుత్వానిదే కదండీ" అన్న మాటే. ఆస్తి లావాదేవీలు చూపించే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, మా దస్తావేజు అంతకంటే పాతది. అందుకని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాం. చివరికి మమ్మల్ని గట్టెక్కించింది బీరువా అడుగున దొరికిన గ్రాంటు మంజూరు ఉత్తర్వులు. అవి 'యాజమాన్యానికి' అని వచ్చాయి. ప్రభుత్వం తన బడికి తానే గ్రాంటు ఇచ్చుకోదు కదా! ఇలాంటి పని తలపెట్టేవాళ్లు ముందు ఆ ఫైళ్లను చెదల నుంచి కాపాడుకోండి.

పంచాయతీ, పట్టణాభివృద్ధి సంస్థల అనుమతి ఆలస్యమైనా ఇబ్బంది పెట్టలేదు. ఇళ్లు అమ్మకుండా లీజుకే ఇవ్వాలని మొదటే తీర్మానించాం. అమ్మకానికి కడితే, స్థలం 500 చదరపు మీటర్ల లోపో, ఇళ్లు 8 లోపో అయితే తప్ప రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి.

కట్టడంలో గొడవంతా ర్యాంపు గురించే. వరండా నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం వాలు 1:12 మించకూడదు, అంటే కనీసం ముప్పై అడుగుల పొడవు. "పదడుగులు చాలు సార్, బండి ఎక్కేస్తాది" అన్నాడు మేస్త్రి. ఎక్కేది బండి కాదు, మోకాళ్ల నొప్పులున్న మనుషులని చెప్పి, వరండా పక్కనే మలుపు తిప్పి కట్టించాం, మలుపు దగ్గర ఆగడానికి చదునైన చోటు వదిలి. బడి మరుగుదొడ్లు ఆవరణ చివర్న ఉండేవి. అర్ధరాత్రి అంత దూరం ఎవరు నడుస్తారు? గదికో బాత్‌రూమ్ కట్టి, గోడకు పట్టుకునే కడ్డీ, కింద జారని టైల్స్ వేయించాం. ఖర్చులో పెద్ద వాటా దీనికే పోయింది, అయినా నాకు బాధ లేదు.

వంట ఒకేచోట పెడితే చవకని నేను లెక్కలు వేసి చూపించాను. మా పెదమ్మ ఆ కాగితం వైపు చూడనైనా లేదు. "నా చోడి అంబలి నేను కాసుకుంటాను, మీ మెస్ కూడు నాకొద్దు" అంది. మిగతా ఆడవాళ్లూ ఆవిడ పక్షమే. గదికో గ్యాస్ గట్టు వచ్చింది. తలుపులు కూడా రోడ్డు వైపే కావాలన్నారు. వెనక తోట వైపు ప్రశాంతంగా ఉంటుందని ఇంజనీరు అంటే, వచ్చేపోయేవాళ్లు కనబడకపోతే పొద్దెలా పోతుందని ఎదురు అడిగారు.

ఇప్పుడు శ్లాబు వేసిన వరుసలో ఆరు గదులూ నిండాయి. ఒప్పుకున్నట్టే ఒకదాంట్లో ఖరగ్‌పూర్ ఆయన అప్ప ఉంటోంది. రాత్రిపూట తోడుండే మనిషి ఇంకా దొరకలేదు, వంతులవారీగా మేమే పడుకుంటున్నాం. బెంగుళూరు పెంకుల వరుస సగం హుద్‌హుద్ తుఫానుకే పోయింది. దాన్ని పడగొట్టి మరో నాలుగు గదులు కట్టాలని నా పట్టు, జిమ్ పెట్టాలని కుర్రాళ్ల పట్టు. సంక్రాంతికి అందరూ ఊరికొచ్చాక మీటింగ్ పెడతాం.