అదును దాటాక వచ్చే కూలి

అనంతపురం జిల్లాలో మాది మెట్ట సేద్యం. వానొస్తే వేరుశనగ, రాకపోతే బీడు. ఎండాకాలం అమ్మ కరువు పనికి, అంటే ఉపాధి హామీ పనికి పోతుంది. కందకాలు, సేద్యపు కుంటలు తవ్వితే వచ్చిన కూలే జూన్‌లో విత్తనక్కాయలకూ దుక్కికీ పెట్టుబడి. రైతు వేరు, కూలీ వేరు అనుకునేవాళ్లు మా ఇంటి లెక్క ఒక్కసారి చూడాలి.

2023-24 బడ్జెట్‌లో కేంద్రం ఉపాధి హామీకి 60,000 కోట్లు చూపింది. అంతకుముందు ఏడాది మొదట పెట్టింది 73,000 కోట్లు, సవరించాక 89,400 కోట్లు. 60,000 కోట్లు చాలకపోతే మళ్లీ ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. 2023-24 సవరించిన అంచనా 86,000 కోట్లకు చేరింది. 2024-25కీ అదే అంకె. ‘మరి కోత ఎక్కడుంది?’ అని పట్నంలో మిత్రులు అడుగుతుంటారు. కోత తేదీలో ఉంది. ఏటా కొత్త కేటాయింపులో కొంత పాత బకాయిలకే పోతుంది. ఏడాది మధ్యలో డబ్బు అడుగంటితే కూలి ఆగుతుంది. విత్తే అదును మాత్రం ఆగదు.

చట్టం ప్రకారం 15 రోజుల్లో కూలి పడాలి. దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం, అంటే వెయ్యికి అర్ధ రూపాయి, నెలకు 15 రూపాయలు. ఆ వెయ్యే ఊళ్లో నూటికి మూడు వడ్డీకి తెస్తే నెలకు 30. పరిహారం పూర్తిగా చేతికొచ్చినా సగం వడ్డీ మా నెత్తినే.

అందుకే వయసులో ఉన్నవాళ్లు బెంగళూరు మేస్త్రీల వెంట పోతున్నారు. 2023 జనవరి నుంచి ఉపాధి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫొటో హాజరు కూడా తప్పనిసరైంది. సిగ్నల్ అందని గుట్టల దగ్గర అదో తిప్పలు. చివరికి పని అడిగేవాళ్లు తగ్గారని కాగితాల్లో ఎక్కుతుంది, ఆ కాగితం చూపి మళ్లీ తక్కువ పెడతారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఇక్కడ పనికి గిరాకీ లేదంటే ఎట్లా నమ్మేది?

ఊళ్లో అందరికీ నేను చెప్పేది ఒకటే. పని నోటితో అడగొద్దు. దరఖాస్తు రాసిచ్చి, తేదీ వేసిన రశీదు తీసుకోండి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడగడానికి ఆ రశీదే ఆధారం. అమ్మది నేనే రాసిచ్చాను. పక్కింటివాళ్లవి రేపు రాస్తాను.