టెన్త్ మెమో, ఐటీఐ సర్టిఫికెట్, బీటెక్ పట్టా: గల్ఫ్‌లో ఏది ఎక్కడ అక్కరకొస్తుంది

ఉదయగిరి, వింజమూరు, పామూరు, కనిగిరి వైపు నుంచి కువైట్‌కీ సౌదీకీ రావడం కొత్తేమీ కాదు. బోర్లు ఎండిపోయిన మెట్ట చేలు వదిలి వచ్చిన మొదటి తరాన్ని చదువు గురించి అడిగినవాళ్లు లేరు. ఇంటిపనికైనా, డ్రైవింగ్‌కైనా, గొర్రెలు కాయడానికైనా వేలిముద్ర వేస్తే సరిపోయేది. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చేసి వస్తున్నారు. ఇక్కడ గల్ఫ్‌లో వాళ్లను అడిగేవి మూడే: కాగితం అసలుదేనా, అకామా (నివాస అనుమతి కార్డు) మీద రాసిన పనికీ ఆ కాగితానికీ పొంతన ఉందా, ఆ పని నిజంగా చేతికి వచ్చా. ఊళ్లో అప్పు చేసి ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఈ మూడూ ముందే తెలియాలి.

టెన్త్ పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస క్లియరెన్స్ కావాలి అనే) ముద్ర ఉండదు. టెన్త్ లేనివాళ్లకు సాధారణంగా ఆ ముద్ర పడుతుంది. అప్పుడు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రభుత్వ క్లియరెన్స్ కావాలి. యజమాని ఒప్పందం ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది, 10 లక్షల బీమా తప్పనిసరి. టెన్త్ పాసైనవాడికి ఈ అడ్డు లేదు. ఆ వీలునే కొందరు ఏజెంట్లు వాడుకుంటారు. విజిట్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తారు, జీతమెంతో చెప్పే కాగితం ఎక్కడా ఉండదు. అందుకని టెన్త్ ఉన్నా సరే, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. ఏజెంటు సర్వీసు చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ దాటకూడదు. పాస్‌పోర్టులో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ప్రతి కౌంటర్ దగ్గరా ఆగిపోతారు.

ఐటీఐ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సౌదీకి వచ్చే ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్, ఆటో ఎలక్ట్రీషియన్‌లకు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత మరికొన్ని పనులు చేరాయి. పాస్ కాకపోతే ఆ పని మీద వీసా లేదు. వెల్డర్ కోర్సు ఏడాదే, కానీ ఆ ఏడాదంతా ప్లేటును టేబుల్ మీద పడుకోబెట్టి అతికించిన పిల్లవాడు పైపు పరీక్షలో నిలబడలేడు.

పైప్‌లైన్ కంపెనీలు అడిగేది 6జీ అనే వెల్డింగ్ పరీక్ష. పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు, వెల్డరే చుట్టూ తిరగాలి. రూట్ (అడుగు పొర) ఆర్గాన్ వాయువుతో, పైన ఫిల్లింగ్ (నింపే పొరలు), క్యాపింగ్ (చివరి పొర) 7018 రకం రాడ్‌తో వేస్తారు. ఎక్కువమంది పరీక్ష తప్పేది పైపు కింది భాగంలోనే. కరిగిన లోహం బరువుకు కిందికి జారి లోపలి వైపు గుంట పడుతుంది, ఎక్స్‌రేలో అది తెలిసిపోతుంది. ఆపిన చోట గ్రైండర్‌తో పలచన చేయకుండా మళ్లీ మొదలుపెడితే అక్కడ అతుకు పట్టదు. గాలికి ఆర్గాన్ చెదిరినా, రాడ్లు చెమ్మ పట్టినా బుడగలు వస్తాయి. 7018ని ఓవెన్‌లో వేడిచేసి వాడాలన్న సంగతి కొందరికి ఇక్కడికొచ్చాకే తెలుస్తోంది. పరీక్ష పాసయ్యాక కూడా ఆరు నెలలు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత పోతుంది, మళ్లీ టెస్టు ఇవ్వాలి. కాబట్టి చేర్చే ముందు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి, నెలకు ఒక్కో పిల్లవాడికి ఎన్ని రాడ్లు ఇస్తారో, పైపు మీద చేయిస్తారో లేదో, ఆర్గాన్ సిలిండర్ నిండుగా ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. బిల్డింగ్, బస్సు చూసి చేర్పించకండి.

అసలు చదువు పనికొచ్చే చోటు కూడా ఇక్కడే ఉంది. పైపు 300 ఎంఎం పక్కకు జరగాలి, రెండు 45 డిగ్రీల ఎల్బోలు (పైపు మలుపు ముక్కలు) వేయాలి అనుకోండి. 300ని 1.414తో హెచ్చిస్తే సుమారు 424. అందులోంచి రెండు ఎల్బోల కొలతా, రూట్ గ్యాప్‌లూ తీసేస్తే కోయాల్సిన ముక్క పొడవు వస్తుంది. ఇది టెన్త్‌లో నేర్పిన త్రికోణమితే. డ్రాయింగ్ చూసి ఈ లెక్క వేయగల ఫిట్టరుకు ఫోర్‌మన్ అయ్యే దారి ఉంటుంది. మార్కుల కోసం బట్టీ పట్టి మరిచిపోయినవాడు పక్కవాడు గీత గీసిచ్చేదాకా నిలబడాల్సిందే. కాగితం వీసా వరకు తెస్తుంది, ఆ తర్వాత జీతం పెరిగేది ఈ లెక్కతోనే.

నర్సింగ్ చేసిన ఆడపిల్లలకు డేటాఫ్లో తనిఖీ (సర్టిఫికెట్లు అసలువో కాదో చూడటం), ప్రోమెట్రిక్ పరీక్ష (లైసెన్సు కోసం కంప్యూటర్ మీద రాసేది) ఉంటాయి. వాళ్లను ఎక్కువగా ఆపేది ఎక్స్‌పీరియన్స్ లెటర్. తనిఖీ సంస్థ మెయిల్ పంపినప్పుడు ఆసుపత్రి జవాబివ్వకపోతే చేసిన ఉద్యోగం లెక్కలోకి రాదు. అందుకే మానేసే రోజే హెచ్ఆర్ మెయిల్ ఐడీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసిపెట్టుకోవాలి.

బీటెక్ దగ్గర నష్టం పెద్దది, ఎందుకంటే అప్పూ పెద్దదే. 2018లో కువైట్‌లో ఇంజనీర్ అని అకామా ఉన్నవాళ్లకు రెన్యువల్ కావాలంటే అక్కడి ఇంజనీర్ల సొసైటీ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలన్నారు. ఆ సొసైటీ ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే మన జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న చదువులనే ఒప్పుకుంది. ఏళ్ల తరబడి ఇంజనీర్లుగా పనిచేసినవాళ్లు కూడా కాలేజీకి ఎన్‌బీఏ లేనందువల్ల హోదా మార్చుకోవాల్సి వచ్చింది. యూనివర్సిటీ పట్టా అసలుదే, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) అనుమతీ ఉంది, అయినా సరిపోలేదు. ఈ పిల్లల తప్పేమీ లేదు, కౌన్సెలింగ్ రోజున వాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఇంకో పొరపాటు, పీసీతోనే (ప్రొవిజనల్ సర్టిఫికెట్) బయల్దేరడం. అటెస్టేషన్‌కు (పట్టా అసలుదేనని ప్రభుత్వ ముద్రలు వేయించడానికి) ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ కావాలి. నెల్లూరు కాలేజీల్లో చదివినవాళ్లు అనంతపురం జేఎన్‌టీయూకీ, ప్రకాశం వాళ్లు కాకినాడ జేఎన్‌టీయూకీ వెళ్లాల్సి వస్తుంది. దేశం దాటాక అది చాలా ఇబ్బంది. రాష్ట్ర స్థాయి అటెస్టేషన్ తర్వాత విదేశాంగ శాఖ. కువైట్, ఖతార్, యూఏఈ అయితే ఆ పైన ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ (ఎంబసీ ముద్ర అక్కర్లేకుండా విదేశాంగ శాఖ ముద్రే చాలే) ఒప్పందంలో ఉంది, ఒమన్, బహ్రెయిన్ అంతకుముందు నుంచే ఉన్నాయి. పట్టా భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించకండి, ముద్ర వేయడానికి దాన్ని ఊడదీయాలి, కాగితం చిరుగుతుంది.

టెక్నీషియన్ వీసా మీద ముందు వెళ్లి, తర్వాత ఇంజనీర్‌గా మారొచ్చన్న మాట నమ్మకండి. ఒకసారి పర్మిట్‌లో పడిన హోదా మార్చడం చాలా కష్టం.

ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచికి ఇస్తారు, అదీ మూడేళ్లకో ఆరేళ్లకో. కంప్యూటర్ సైన్స్‌కు ఉండి మెకానికల్‌కు లేకపోవచ్చు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఎన్‌బీఏ సైట్‌లో కాలేజీ పేరు కొట్టి, మీ పిల్లవాడు తీసుకునే బ్రాంచి ఉందో లేదో, అది ఏ ఏడాదిదాకా ఉందో చూసి ప్రింట్ తీసుకోండి. గడువు మధ్యలో అయిపోతుంటే రెన్యువల్‌కు పెట్టారా అని ప్రిన్సిపాల్‌నే అడగండి. నాలుగో సంవత్సరంలో మరోసారి చూసి, ఆ ప్రింట్ కూడా ఓడీతో పాటు ఫైల్లో పెట్టండి.