పసుపు యార్డులో నా మొదటి పని

మన బడి పూర్వ విద్యార్థుల కమిటీ వాళ్ళు బడి జ్ఞాపకాలు ఏవైనా రాయమన్నారు. ఎన్‌సీసీ పూరీల గొడవ, హెడ్మాస్టారి సైకిలు, 'బి' సెక్షన్ మీద కబడ్డీ, ఇవన్నీ రెండో బెంచీ వాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను తెలుగు మాస్టారి గురించే రాస్తాను.

నా నత్తి మీకందరికీ తెలుసు. అమ్మ నా నాలుక మీద వస కూడా అరగదీసి రాసింది. తగ్గలేదు. నోరు తిరగని మాటకు బదులు ఇంకో మాట వాడి నెట్టుకొచ్చేవాణ్ణి. సొంత పేరుకు ఆ వీలు లేదు కదా. పద్యం రాగం తీసి చదివితే మాత్రం ఎక్కడా తడబడేవాణ్ణి కాదు. అది కనిపెట్టింది మాస్టారే.

ఇంటర్ అయ్యేసరికి నాన్నకు పక్షవాతం వచ్చింది. 1996 వేసవి. నాకు పదిహేడేళ్ళు, ఏదో ఒక పని కావాలి. దుగ్గిరాలలో, తెనాలిలో కొట్లన్నీ తిరిగాను. "పేరేంటి?" అనగానే గొంతు పట్టేసేది. కొందరు నవ్వారు. కొందరు జాలిపడి "వెళ్ళిరా బాబూ" అన్నారు. ఆ జాలే ఎక్కువ బాధపెట్టింది.

మాస్టారికి ఎవరు చెప్పారో, ఓ పొద్దున ఇంటికొచ్చి "చొక్కా మార్చుకోరా, యార్డుకు పోదాం" అన్నారు. దుగ్గిరాల పసుపు యార్డులో ఓ కమిషన్ కొట్టుకు తీసుకెళ్ళారు. నా తరఫున ఆయనే మాట్లాడతారనుకున్నాను. షావుకారు గారితో ఒక్కటే అన్నారు: "వీడు కాస్త ఆలస్యంగా చెబుతాడు. మధ్యలో మాట అందించకండి." తర్వాత బల్ల మీద కూర్చుని పేపరు తీశారు.

పేరు, చదువు, నాన్న పరిస్థితి, లెక్కలు బాగా వచ్చన్న సంగతి, అన్నీ నేనే చెప్పాను. టెన్షన్‌తో కాళ్ళు వణికాయి. షావుకారు గారు చూపు తిప్పకుండా చివరిదాకా విన్నారు. మా ఇంట్లో కూడా నన్నెవరూ అలా వినలేదు. "రేపట్నుంచి రా" అన్నారు.

లారీకెక్కే బస్తాల లెక్క నాకు అప్పజెప్పారు. ఒకటికి బదులు 'లాభం' అంటూ, "లాభం... రెండూ... మూడూ..." అని సాగదీసి పిలవాలి. పద్యంలాగే గొంతులోంచి హాయిగా వచ్చేసేది. సీజన్ ముగిసేలోపు పసుపు కొమ్ములకూ కాయకూ (గుండ్రటి దుంపకూ) వేరువేరుగా ధర కట్టి రైతులకు పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) రాసే పని కూడా ఇచ్చారు. ఆ జీతంతోనే ప్రైవేటుగా బీకాం కట్టి పాసయ్యాను.

ఇప్పుడు గుంటూరులో నా సొంత అకౌంట్స్ ఆఫీసు నడుస్తోంది. నత్తి పూర్తిగా పోలేదు. చాలా ఏళ్ళ తర్వాత మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు వెళ్ళాను. అక్కడి థెరపిస్టు మా ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఆయన మాట ఆయన్నే పూర్తి చేయనివ్వండి, నిదానంగా మాట్లాడమని కూడా అనకండి అని చెప్పారు. మన మాస్టారికి ఇది 1996లోనే తెలుసు.

మా ఆఫీసులో పని అడగడానికి వచ్చిన పిల్లలకు మాట తడబడితే నేను ఫోన్ పక్కన పెట్టేసి వింటాను. పోయినేడు చేరిన కుర్రాడు అలాంటివాడే. జీఎస్టీ రిటర్నులన్నీ ఇప్పుడు అతనే చూస్తున్నాడు. క్లయింట్లకు ఫోన్లు చేసి మాట్లాడేదీ అతనే.