ఐవీ గోడ ముందు రెండు చేతులు

అమెరికాలో మేముండే బ్లూమింగ్టన్ నుంచి షికాగోకి రైల్లో దాదాపు రెండున్నర గంటలు. సెప్టెంబరులో ఒక శుక్రవారం సెలవు పెట్టి, బేస్‌బాల్ ఆట ఫోటోలు తీయడానికి పొద్దున్నే రైలెక్కాను. చిన్న సంచిలో మిర్రర్‌లెస్ కెమెరా, 200 మిల్లీమీటర్ల లెన్సు, రెండు అదనపు బ్యాటరీలు. రైల్లో తినడానికి మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర. ఒక్కో స్టేడియంలో కెమెరాలకీ సంచులకీ ఒక్కో నియమం ఉంటుంది కాబట్టి, ముందు రోజు రాత్రే అవన్నీ చదువుకుని సర్దుకుంటాను.

మా ఊరు అటు షికాగోకీ ఇటు సెయింట్ లూయిస్‌కీ మధ్యలో ఉంటుంది. అందుకే ఆఫీసులో పక్కపక్కన కూర్చునే ఇద్దరిలో ఒకరు షికాగో జట్టు కబ్స్ అయితే ఇంకొకరు సెయింట్ లూయిస్ జట్టు కార్డినల్స్. నేను ఈ దేశం వచ్చిన మొదటి ఏడాదే కబ్స్ మనిషినయ్యాను. ఆ రోజు ఆట ఈ రెండు జట్ల మధ్యే.

యూనియన్ స్టేషన్‌లో దిగి కాస్త నడిచి, రెడ్ లైన్ రైలు పట్టుకుని అడిసన్‌లో దిగాను. కబ్స్ స్టేడియం రిగ్లీ ఫీల్డ్ కట్టింది 1914లో. చుట్టూ మైళ్ళకొద్దీ పార్కింగ్ స్థలం లేదు. మన పాత ఊళ్ళలో గుడి ఉన్నట్టు, ఇళ్ళ మధ్యలో ఉంటుంది. వీధి మలుపు తిరగ్గానే ఎర్రటి బోర్డు కనిపిస్తుంది. ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడ నా నడక వేగం పెరుగుతుంది.

ఫోటోలు తీసేవాళ్ళకి ఈ స్టేడియం ఒక వరం. ఇక్కడ 1988 దాకా ఫ్లడ్‌లైట్లే లేవు. ఆ ఏడాది ఆగస్టు 8న మొదటి రాత్రి ఆట పెడితే వాన వచ్చి మధ్యలో ఆగిపోయింది. మర్నాడు గానీ పూర్తి ఆట జరగలేదు. ఇప్పుడు రాత్రి ఆటలున్నా, శుక్రవారాలు ఆట ఎక్కువగా మధ్యాహ్నమే మొదలవుతుంది. దీపాల వెలుగులో మనుషులు అన్ని వైపుల నుంచీ ఒకేలా కనిపిస్తారు. ఎండలో అలా కాదు. ముఖంలో ఒక సగానికి వెలుగు, ఒక సగానికి నీడ ఉంటాయి.

టికెట్టు కొనేముందు నేను చూసేది ఆ ఎండ ఎటు నుంచి పడుతుందనే. ఇక్కడ బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నైరుతి మూల, దానికి ఎదురుగా దూరాన సెంటర్ ఫీల్డ్ ఈశాన్యం వైపు ఉంటాయి. మధ్యాహ్నం దాటితే మూడో బేస్ వైపు, అంటే బ్యాటర్ వెనక నుంచి చూస్తే ఎడమ పక్క, కూర్చున్నవాళ్ళకి సూర్యుడు వీపు వెనకాల ఉంటాడు. ఎదురుగా రైట్ ఫీల్డ్ గోడ మొత్తం ఎండలో మెరుస్తుంది. అందుకే ఎప్పుడూ అటువైపే, పై అంతస్తులో తీసుకుంటాను. కింద వరసల్లో ప్రేక్షకులకి బంతి తగలకుండా కట్టిన వల లెన్సుకి అడ్డం. పైన వల ఉండదు. కప్పుని మోసే ఇనుప స్తంభాలు మాత్రం ఉంటాయి, అవి అడ్డం రాని సీటు చూసుకోవాలి.

నా పక్క సీట్లో ఎనభై ఏళ్ళ పెద్దావిడ. ఒళ్ళో అట్ట, దానిమీద స్కోర్‌కార్డు, చేతిలో పెన్సిలు. బేస్‌బాల్‌లో ఒక్కో ఆటగాడి స్థానానికి ఒక్కో అంకె ఉంటుంది. బంతి వేసే పిచర్ 1, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ 2, రెండో, మూడో బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, రైట్ ఫీల్డర్ 9. గడిలో 6-4-3 అని రాస్తే చాలు, బంతి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళి ఇద్దరు అవుటయ్యారో యాభై ఏళ్ళ తర్వాత కూడా చదువుకోవచ్చు. ఆవిడ ప్రతి బంతికీ ఒక గుర్తు పెడుతోంది. నేను ప్రతి బంతికీ బటన్ నొక్కుతున్నాను.

"మీరు చేసేది కూడా స్కోరు రాయడమే కదా" అంది ఆవిడ రెండో ఇన్నింగ్స్‌లో.

బ్యాటుకి బంతి తగిలిన క్షణాన్ని పట్టుకోవాలని ఎవరికైనా ఉంటుంది. ఆ రెండూ కలిసి ఉండేది సెకనులో వెయ్యోవంతు కూడా కాదు. కెమెరా సెకనుకి ఇరవై ఫ్రేములు తీసినా, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య గంటకి 90 మైళ్ళ బంతి రెండు మీటర్లు దాటిపోతుంది. అందుకే బంతిని చూసి నొక్కితే అప్పటికే ఆలస్యం. బ్యాటర్ ముందుకాలు లేచి నేల తాకేటప్పుడు నొక్కాలని నాకు రెండు సీజన్లు తీశాకే అర్థమైంది. 2023లో పిచర్లకి గడియారం పెట్టారు, బేసులు ఖాళీగా ఉంటే పదిహేను సెకన్లలో బంతి వెయ్యాలి. మొదట్లో నాకు అది నచ్చలేదు. ఇప్పుడు ఆ లెక్కని బట్టే ఊపిరి బిగబట్టి సిద్ధంగా ఉంటున్నాను.

మూడు దాటాక స్టాండు నీడ హోమ్ ప్లేట్ మీదకి వచ్చేసింది. పిచర్ ఎండలో, బ్యాటర్ నీడలో. ఎండలోంచి వచ్చి నీడలో మాయమయ్యే బంతిని చూడటం బ్యాటర్‌కి ఎంత కష్టమో, ఇద్దరికీ సరిపడే ఎక్స్‌పోజర్ పెట్టడం నాకూ అంతే. ఇక బ్యాటర్‌ని వదిలేసి లెన్సు దూరానికి తిప్పాను. అక్కడ ఇటుక గోడ నిండా ఐవీ తీగ. 1937లో నాటారు. ఏప్రిల్‌లో ఉత్త ఇటుకలూ కాడలే కనిపిస్తాయి, సెప్టెంబరుకి గోడంతా ఆకుపచ్చ.

ఆ తీగకి ఒక నియమం ఉంది. బంతి వెళ్ళి ఆకుల్లో ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తాలి. అప్పుడు అంపైర్ ఆట ఆపి బ్యాటర్‌కి రెండో బేస్ ఇస్తాడు. చెయ్యి పెట్టి వెతికాడో, ఆట నడుస్తున్నట్టే. నేను ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్న ఫోటో అది. టీవీ కెమెరాలు బంతి వెంట వెళ్తాయి, ఫీల్డర్ ముఖం ఎవరూ సరిగా చూపించరు.

ఆరో ఇన్నింగ్స్‌లో ఎడమచేతి బ్యాటర్ ఒకడు బలంగా కొట్టాడు. స్కోర్‌బోర్డు మీది జెండాలు లోపలి వైపు ఎగురుతున్నాయి, అంటే పక్కనున్న మిషిగన్ సరస్సు మీది గాలి. గోడ దాటి హోమ్ రన్ కావాల్సిన బంతి గోడ దగ్గరే కిందికి దిగింది. ఒకసారి నేలని తాకి ఆకుల్లోకి దూరింది. నేను బంతిని వదిలేసి ఫీల్డర్ మీదే ఫోకస్ ఉంచాను. అతను గోడ దాకా పరిగెత్తి, ఆగి, మావైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. ముఖం మీద నిండా ఎండ, వెనక ఆకుపచ్చ గోడ. పదకొండు ఫ్రేములు. నా చేతులు వణికాయి. తెర చూపిస్తే పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాట పాడతారు. అప్పుడు మైదానం వైపు చూడను. కింద గుంతలో కూర్చునే ప్రెస్ ఫోటోగ్రాఫర్ల దగ్గర చేయంత లెన్సులుంటాయి, వాళ్ళ ఫోటోల ముందు నావి నిలవవు. కానీ తండ్రి భుజాల మీది పిల్ల, చెవి వినపడని మనవడికి చేతులతో పాట చెబుతున్న తాత వాళ్ళకి కనిపించరు. నాకు రెండు వరసల దూరంలో ఉంటారు. అడిగి, తలూపితేనే తీస్తాను.

పాట అయ్యాక పక్క సీటు పెద్దావిడ వాళ్ళ నాన్న గురించి చెప్పింది. చిన్నప్పుడు ఆయనే ఇక్కడికి తీసుకొచ్చి స్కోరు రాయడం నేర్పారట. 1908 తర్వాత కబ్స్ మళ్ళీ బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ వరల్డ్ సిరీస్ గెలిచింది 2016లో. అప్పటికి ఆయన లేరు. ఆ శరదృతువులో జనం ఈ స్టేడియం బయటి గోడలనిండా సుద్దముక్కలతో పేర్లు రాశారు, గెలుపు చూడకుండా వెళ్ళిపోయిన అమ్మల, నాన్నల, తాతల పేర్లు. ఆవిడా వెళ్ళి రాసింది. ఫోటో తీసుకోవాలని తోచలేదట. నేను ఆ ఏడాది ఈ దేశంలోనే ఉన్నాను, ఆ గోడలు టీవీలో మాత్రమే చూశాను. ఒక్కరోజు సెలవు పెట్టి ఎందుకు రాలేదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కబ్స్ ఒక్క పరుగుతో గెలిచారు. స్కోర్‌బోర్డు మీద గెలుపుకి గుర్తుగా నీలం డబ్ల్యూ ఉన్న తెల్ల జెండా ఎగరేశారు. లేచేముందు, మీ స్కోర్‌కార్డు ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను. ఆవిడ అట్టని వెలుతురుకి పట్టుకుంది.

తిరుగు రైల్లో ఆరువందల పైచిలుకు ఫోటోలు చూసుకుంటూ ఒక్కోటీ తీసేస్తూ వచ్చాను. చివరికి స్కోర్‌కార్డు దగ్గర ఆగాను. ఆరో ఇన్నింగ్స్ గడిని పెద్దది చేసి చూశాను. రెండో బేస్ దాకా గీత, పక్కన చిన్న అంకె 9. ఆ అంకె మీద పెన్సిలుతో సన్నగా గీసిన ఒక ఐవీ ఆకు.