ఫిస్టులా చెయ్యి, బీపీ లెక్క

నాకు 43 ఏళ్లు. నల్లగొండలో ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకొని జాకెట్లు కుడతాను. నా కిడ్నీలు చెడిపోయాయి. అవి చేయాల్సిన పని, అంటే రక్తం శుభ్రం చేసి అదనపు నీళ్లు తీసేయడం, మిషన్‌తో చేయించుకోవడానికి సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుటి షిఫ్టులో డయాలసిస్‌కి పోతాను. డయాలసిస్ మిషన్ మీద ఉండగా బీపీ పడిపోవడం మామూలేనని మా డయాలసిస్ గదిలో చాలామంది నమ్ముతారు. పిక్కలు గుంజినా, కళ్లు తిరిగినా, ఇంటికొచ్చాక రాత్రిదాకా మంచం మీద నుంచి లేవలేకపోయినా, అంతా జబ్బుతో వచ్చేదేనని పళ్ల బిగువున ఓర్చుకుంటారు. నేనూ అట్లాగే ఓర్చుకున్నాను. ఒకరోజు ఆ పడిపోయిన బీపీయే నా ఫిస్టులాని, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి చేతిలో తయారుచేసిన రక్తనాళాన్ని, ఆపేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

జబ్బు బయటపడ్డ తీరు చాలామంది కథే. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, అన్నం చూస్తే వాంతి. బీపీ 190/110 ఉంది. పరీక్షలు చేస్తే రెండు కిడ్నీలూ అప్పటికే చిన్నగా ముడుచుకుపోయి ఉన్నాయి. బీపీ వల్ల కిడ్నీలు చెడ్డాయా, కిడ్నీలు చెడి బీపీ వచ్చిందా అని అడిగాను. రెండూ జరుగుతాయనీ, కిడ్నీలు ఇంత చిన్నవయ్యాక ఏది ముందో చెప్పడం కష్టమనీ డాక్టరుగారు అన్నారు. మా జిల్లా పేరు వినగానే చుట్టాలందరూ ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా అని అడిగారు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఆ నీళ్లు మనుషుల ఎముకల్ని ఏం చేశాయో కళ్లారా చూసినవాళ్లం, ఆ అనుమానం రావడంలో తప్పు లేదు. ఏది ముందో ఖాయంగా చెప్పలేకపోయినా, నా విషయంలో డాక్టర్లు ఫ్లోరైడ్‌ని కాక బీపీనే చూపించారు.

మొదట మెడలో లైను వేసి డయాలసిస్ చేశారు. ఆ గొట్టం కొస గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది. అక్కడ ఇన్ఫెక్షన్ వస్తే నేరుగా రక్తంలోకే పోతుంది. తలమీద నీళ్లు పోసుకోవడానికి లేదు, చెమట పడితే భయం. ఇక మే నెల ఎండల్లో నల్లగొండలో చెమట పట్టకుండా ఎవరుండగలరు? అందుకే తొందరగా ఫిస్టులా చేయించుకోమన్నారు.

"ఏ చేత్తో రాస్తవమ్మా?" అని అడిగాడు హైదరాబాద్‌లో సర్జన్.

"రాసేది కుడి చేత్తోనే సార్. కానీ గుడ్డని నడిపేది ఎడమ చెయ్యే."

ఆయన కాసేపు ఆలోచించి, ఎడమ మణికట్టు దగ్గరే చేద్దామన్నాడు. మోచేతి దాకా నరాలు బాగున్నాయి కాబట్టి ముందు కింద చేస్తే, ఎప్పుడైనా అది పాడైనా పైన ఇంకో చోటు మిగులుతుందట. మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరకి కలిపి కుట్టేస్తారు. ధమనిలో జోరుగా పారే రక్తం సిరలోకి మళ్లి, కొన్ని వారాల్లో సిర లావై, గోడ మందమై, లావు సూదులు తట్టుకునేలా తయారవుతుంది. 1966లో న్యూయార్క్ డాక్టర్లు బ్రెషా, సిమినో ఈ పద్ధతిని లోకానికి చెప్పారనీ, ఇన్నేళ్లయినా డయాలసిస్‌కి దీన్ని మించింది రాలేదనీ ఆయన చెబుతుంటే, చెయ్యి మొద్దుబారి పడుకున్న నాకు ధైర్యమనిపించింది. కుట్లు వేశాక నా కుడిచేతి వేళ్లు పట్టుకొని ఆ చోట ఆనించాడు. మిషన్ తొక్కుతున్నప్పుడు బల్లమీద చెయ్యి పెడితే ఎట్లా అదురుతుందో అట్లా చర్మం కింద సన్నగా అదురుతోంది. "పొద్దున లేవంగనే ఒకసారి, పండుకునే ముందు ఒకసారి పట్టి చూడు. ఇది ఆగిందంటే పొద్దెక్కేదాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చెయ్యి" అన్నాడు. ఆ మాట అప్పుడు సగమే అర్థమైంది.

ఇంటికొచ్చాక మెత్తటి రబ్బరు బంతి పిసకడం మొదలుపెట్టాను. మణికట్టు ఫిస్టులాకి అది మంచి వ్యాయామం. సూదులు గుచ్చే ముందు చూసే ఆరుల లెక్క ఒకటుంది: సుమారు ఆరు వారాలు గడవాలి, నాళం 6 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి, చర్మం నుంచి 6 మిల్లీమీటర్ల కంటే లోతులో ఉండొద్దు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల రక్తం పారాలి. రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్‌లో ఇవన్నీ సరిపోయాక సన్న సూదితో మొదలుపెట్టి తర్వాత లావు సూదులకి మారారు. మెడలో లైను తీసేసిన రోజు తలనిండా నీళ్లు పోసుకున్నాను. అంత సంతోషం నాకు చాలారోజుల తర్వాత కలిగింది.

అప్పుడే అసలు సమస్య మొదలైంది. నాలుగు గంటల డయాలసిస్‌లో మొదటి రెండు గంటలు బాగుండేదాన్ని. మూడో గంట నడుస్తుండగా ఆవలింతలు వచ్చేవి. తర్వాత చెవుల్లో హోరు, నడినెత్తిన చెమట, గదిలో లైట్లన్నీ మసకబారినట్టు. కుడి చేతికి పట్టీ కట్టి చూస్తే 90/50. టెక్నీషియన్ పరుగున వచ్చి మంచం తల వైపు దించి, కాళ్లు పైకెత్తి, నీళ్లు తీయడం ఆపేసి కొద్దిగా సెలైన్ వదిలేవాడు. "ఏం కాదక్కా, జర ఓపిక పట్టు" అనేవాడు. మంచి పిల్లవాడు. ఈలోపు పిక్క గట్టిగా ముడిపడి, నేను మంచం కడ్డీ పట్టుకొని ఏడ్చేదాన్ని. పక్క బెడ్డులో దేవరకొండ దిక్కు నుంచి వచ్చే పెద్దమ్మ, తన చేతిలో సూదులుండగానే, "కాలు చాపు బిడ్డా, మడిమె ముందుకు తన్ను" అని చెప్పేది.

బీపీ ఎందుకు పడుతుందో నాకు తర్వాత తెలిసింది. మిషన్ రక్తంలో నుంచి మాత్రమే నీళ్లు తీస్తుంది. ఒంట్లో మిగతాచోట్ల ఉన్న నీళ్లు మెల్లగా రక్తంలోకి ఊరి ఆ లోటు పూడ్చాలి. తీసే వేగం ఊరే వేగాన్ని మించితే రక్తనాళాలు ఖాళీ అవుతాయి, బీపీ పడుతుంది. ఫిస్టులా బతికేదే ఆ రక్తపు తోపుడు మీద. అది తగ్గి ప్రవాహం నెమ్మదిస్తే గడ్డ కట్టేస్తుంది.

ఒక శుక్రవారం డయాలసిస్‌లో బీపీ బాగా పడింది. ఇంటికొచ్చి మత్తుగా పడుకున్నాను. రాత్రి అలవాటుగా మణికట్టు పట్టి చూస్తే అదురు లేదు. వేళ్లు జరిపి చూశాను, చెవికి ఆనించి విన్నాను. రోజూ వినపడే హోరు లేదు. మా ఆయనని లేపితే ఆయన కూడా పట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా చెప్పులేసుకున్నాడు. అదే రాత్రి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోయాం. గడ్డ కొత్తగా ఉన్నప్పుడే తీయడం సులువనీ, ఒకటి రెండు రోజులు దాటితే నాళం గోడకి అతుక్కుపోయి ఫిస్టులా దక్కడం కష్టమనీ అక్కడ చెప్పారు. సన్నని గొట్టం చివర బెలూన్ పంపి గడ్డ లాగారు. కుట్టు దగ్గర నాళం సన్నబడి ఉంటే దాన్నీ బెలూన్‌తో వెడల్పు చేశారు. మళ్లీ అదురు వచ్చింది. సన్నబడ్డ నాళం ఒక కారణం, మాటిమాటికీ పడే బీపీ రెండో కారణం అని సర్జన్ చెప్పాడు. మొదటిది తాను చూశానని, రెండోదాని సంగతి మీ కిడ్నీ డాక్టరుతో తేల్చుకోమని పంపాడు.

ఆ రెండోదాన్ని తేల్చింది నా కొలత టేపు.

డయాలసిస్ మొదలుపెట్టినప్పుడు నా డ్రై వెయిట్ 47 కిలోలు రాశారు. ఒంట్లో అదనపు నీళ్లేవీ లేనప్పుడు ఉండాల్సిన బరువు అన్నమాట. ప్రతిసారీ బరువు చూసి, 47కి మించి ఎంతుంటే అంత నీళ్లు తీసేవాళ్లు. కానీ డయాలసిస్ పడ్డాక నాకు ఆకలి వచ్చింది. వాంతులు పోయాయి, డాక్టరు చెప్పినట్టు రోజూ గుడ్డు తెల్లసొన, చేపముక్క తింటున్నాను. నా జాకెట్లు నాకే బిగువయ్యాయి. ఎంత నీళ్లు తక్కువ తాగినా బరువు ఎక్కువే చూపిస్తోంది, నీళ్లు తాగుతున్నావని అందరూ నన్నే అంటున్నారు. ఒంటికి పట్టింది నీరైతే పొద్దుటికీ సాయంత్రానికీ మారుతుంది, చీలమండల దగ్గర వేలు నొక్కితే గుంట పడుతుంది. నాకు గుంట పడటం లేదు. డయాలసిస్ ముందు, తర్వాత కుడి జబ్బ చుట్టూ, నడుం చుట్టూ టేపు పెట్టి చూశాను. రెండుసార్లూ ఒకే కొలత, పాత జాకెట్ కొలత కంటే అంగుళం ఎక్కువ. ఆ కొలతల పుస్తకమే తీసుకుపోయి డాక్టరుగారి ముందు పెట్టాను.

ఆయన మెడ నరం చూశాడు, కాళ్లు నొక్కాడు, ఛాతీ ఎక్స్‌రే తీయించాడు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. ఇది కండ. లేని నీళ్లు లాగుతున్నాం" అన్నాడు. అరకిలో అరకిలో చొప్పున డ్రై వెయిట్ పెంచుతూ పోయారు. 50 దగ్గర నా బీపీ నిలబడింది. మిషన్‌లో ద్రవం వేడి 36 డిగ్రీలకి తగ్గించారు, అట్లా చేస్తే రక్తనాళాలు కొంచెం బిగిసి బీపీ పడదట. బీపీ మాత్రల వేళలు కూడా మార్చారు, డయాలసిస్ రోజు పొద్దుటి మాత్ర ఇంటికొచ్చాక వేసుకుంటున్నాను. ఇది ఎవరికి వారు చేసుకునే మార్పు కాదు. మెటోప్రొలోల్ లాంటివి మిషన్‌లో కొట్టుకుపోతాయి, ఆమ్లోడిపిన్ పోదు. ఏది ఎప్పుడో మీ డాక్టరే చెప్పాలి. మిషన్ మీద ఉండగా టిఫిన్ తినడం కూడా మానేశాను. తిన్నప్పుడు రక్తం కడుపు వైపు మళ్లి బీపీ ఇంకా దిగుతుంది.

మిగిలింది ఇంట్లో నా చేతిలో ఉన్న పని. గంటకి, కిలో బరువుకి 10 మిల్లీలీటర్లు మించకుండా నీళ్లు తీస్తే ఒంటికి మంచిదనీ, 13 దాటితే గుండెకి భారమనీ చెప్పారు. నా 50 కిలోలకి గంటకి అర లీటరు, నాలుగు గంటలకి రెండు లీటర్లు. అంటే రెండు డయాలసిస్‌ల మధ్య నేను రెండు కిలోలు దాటకూడదు. శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండే పెద్ద సందులోనే కష్టం. ఎప్పుడైనా దాటితే, ఒక్కసారే అంతా లాగమనకుండా ఇంకో అరగంట ఉంటానని అడుగుతాను.

నీళ్లు తగ్గించమని అందరూ చెబుతారు. నేనైతే ముందు ఉప్పు తగ్గించమంటాను. లీటరు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మనం తిన్న ఉప్పు కూడా ఒంట్లో దాదాపు అదే లెక్కన నీళ్లని పట్టుకొని కూర్చుంటుంది. ఉప్పు తిన్నాక దాహం ఆపడం ఎవరి వల్లా కాదు. మా ఇంట్లో మామిడికాయ తొక్కు జాడీ నా కంటికి కనపడకుండా అత్తమ్మ అటక మీద పెట్టించింది. నా కూర వేరే గిన్నెలో, ఉప్పు వేయకముందే తీసి పెడుతుంది. బత్తాయి తోటల జిల్లాలో పుట్టి బత్తాయి రసం మానేయడం మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. అందులో నీళ్లతో పాటు పొటాషియం కూడా ఎక్కువ.

ఎడమ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వను, రక్తం తీయనివ్వను. ఒక ల్యాబ్‌లో అమ్మాయి తొందరలో ఆ చేతికే పట్టీ చుట్టబోతే చెయ్యి లాక్కున్నాను. ఆ వైపు తిరిగి పడుకోను, నీళ్ల బిందె ఎత్తను, బిగుతు గాజులు వేయను. బోనాలప్పుడు గాజులన్నీ కుడి చేతికే. డయాలసిస్‌కి ముందు చెయ్యి సబ్బుతో కడుక్కొని పోతాను. సూదులు ఒకేచోట పొడవనివ్వను. అదే చోట పొడిస్తే చర్మం పలచబడి బుడగలా ఉబ్బుతుంది. చర్మం మెరుస్తూ పలచబడినా, పక్కు మానకపోయినా వెంటనే చూపించాలి. ఇంట్లో రక్తం కారితే వేలితో గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి, 108కి ఫోన్ చేయాలి. ఇది మా పాపకి కూడా నేర్పించాను.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి, భయంతో డయాలసిస్ వాయిదా వేసేవాళ్లు మా పక్కనే ఉన్నారు. ఆరోగ్యశ్రీలో డయాలసిస్‌కి డబ్బు కట్టనక్కర్లేదు. 2022 నుంచి డయాలసిస్ వాళ్లకి కూడా 2,016 రూపాయల ఆసరా పింఛను వచ్చింది. ఆడవాళ్లకి 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. పెద్దమ్మ దేవరకొండ దిక్కు నుంచి అట్లాగే వస్తుంది.

ఆమె ఫిస్టులా మోచేతి పైన ఉంది. జాకెట్ చెయ్యి పైకి జరిపితే నాళం నొక్కుకుపోయి, మిషన్ అలారం కొట్టేది. ఆమెకి ఎడమ చెయ్యి భుజం దాకా తెరుచుకునేలా, టిచ్ బటన్లతో ఒక జాకెట్ కుట్టిచ్చాను. అది చూసి మిగతావాళ్లూ అడుగుతున్నారు. కుట్టించుకోవాలనుకుంటే మీ దర్జీకి ఇట్లా చెప్పండి: ఆ చేతి లూజు మామూలు కంటే రెండంగుళాలు ఎక్కువ పెట్టాలి, అంచుకి పైపింగ్ గానీ ఎలాస్టిక్ గానీ వద్దు, తెరుచుకునే కుట్టు ఫిస్టులా మీదికి రాకుండా చేతి వెనక వైపు పెట్టాలి, బటన్లు ఒంటికి తగలకుండా లోపల మెత్తటి నూలు గుడ్డ పట్టీ వేయాలి.