సరిపోదనుకున్న గొంతుతోనే: యూన్ సన్ నా గానప్రస్థానం

జాజ్ గాయని అనగానే చాలామంది శ్రోతల చెవిలో ముందుగా మెదిలేది ఎల్లా ఫిట్జెరాల్డ్, బిల్లీ హాలిడే, సారా వాన్ వంటి నల్లజాతి అమెరికన్ గాయనుల స్వరం. దక్షిణ కొరియాకు చెందిన యూన్ సన్ నా గొంతు ఆ కోవలోనిది కాదు. సన్నగా, తేటగా, తారస్థాయిలో ఎంతసేపైనా నిలకడగా నిలవగలిగిన గొంతు ఆమెది. దాన్ని జాజ్‌కు పనికిరాని గొంతుగా ఆమే ఒకప్పుడు భావించి, చదువు మానేసి ఇంటికి వెళ్లిపోదామనుకున్నారు. గత పదిహేనేళ్లలో యూరప్ జాజ్ వేదికల మీద ఎంతో ఆదరణ పొందిన గాయనుల్లో ఒకరిగా ఆమెను నిలబెట్టింది మాత్రం ఆ గొంతే.

ఆమె 1969లో సియోల్‌లో పుట్టారు. తండ్రి నా యంగ్ సూ కొరియా జాతీయ బృందగాన సంస్థకు కండక్టర్‌గా (పాటను నడిపించే సంగీత సారథిగా) పేరుపొందిన సంగీతకారుడు. తల్లి కిమ్ మి జంగ్ సంగీత నాటకాల నటి. ఇంట్లో ఇంత సంగీతం ఉన్నా ఆమె సంగీతం చదవలేదు. కాంకుక్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి సాహిత్యం చదివి, ఒక దుస్తుల కంపెనీలో ఉద్యోగానికి చేరి, కొన్ని నెలలకే మానేశారు. 1994లో గాయకుడు, నాటక దర్శకుడు కిమ్ మిన్ గి తన హక్‌చోన్ నాటకశాలలో ప్రదర్శించిన ‘లైన్ 1’ అనే సంగీత నాటకంలో ఆమెకు ప్రధాన పాత్ర దక్కింది. బెర్లిన్ నాటకాన్ని సియోల్ మెట్రో రైలుకు మార్చి రాసుకున్న ఆ రచనలో, చైనాలోని యాన్‌బియన్ ప్రాంతం నుంచి ప్రియుణ్ని వెతుక్కుంటూ నగరానికి వచ్చిన కొరియన్ యువతి పాత్ర ఆమెది. తర్వాతి సంవత్సరాల్లో ఆ నాటకం నాలుగు వేలకు పైగా ప్రదర్శనలు చూసింది. ఆమె మాత్రం అప్పటికే వేరే దారి పట్టారు. పద్ధతిగా పాట నేర్చుకోకుండా వేదికల మీద ఎంతకాలం నెట్టుకురాగలనన్న సందేహం ఆమెను వదలలేదు. పాప్ సంగీతానికి మూలం జాజేనని, అది నేర్చుకుంటే మిగతావన్నీ వస్తాయని ఒక స్నేహితుడు చెప్పిన మాట పట్టుకుని, జాజ్ గురించి దాదాపు ఏమీ తెలియకుండానే 1995లో ఆమె పారిస్ బయలుదేరారు.

ఆనాటి కొరియాలో జాజ్ పరిస్థితి తెలిస్తే ఈ ప్రయాణం అంత వింతగా అనిపించదు. కొరియా యుద్ధం తర్వాత అమెరికన్ ఎనిమిదో సైన్యపు శిబిరాల్లో పాడుతూ ఒక తరం గాయకులు జాజ్ నేర్చారు. ఆ వేదికల నుంచి వచ్చిన పార్క్ సంగ్ యోన్ 1978లో సియోల్‌లోని సించోన్‌లో ‘జానస్’ అనే జాజ్ క్లబ్బు తెరిచి, నష్టాలు వస్తున్నా, చోట్లు మారుస్తూ దశాబ్దాల పాటు నడిపారు. క్లబ్బును నిలబెట్టడానికి 2012లో ఆమె తాను జీవితకాలం కూడబెట్టుకున్న ఎల్‌పీ రికార్డులను కూడా అమ్ముకున్నారు. 2020లో కన్నుమూసిన ఆ మహాగాయని గురించి విడిగా రాయవలసినంత ఉంది. ఇక్కడ చెప్పదలచినది ఒకటే: అక్కడ జాజ్ ఇలాంటి కొద్దిమంది మొండిపట్టు మీదే బతికింది.

పారిస్‌లో యూన్ సన్ సీఐఎం అనే జాజ్ పాఠశాలలో చేరి, దానితో పాటే ఇతర సంగీత విద్యాలయాల్లోనూ చదివారు. తరగతిలో వినిపించే అమెరికన్ గాయనుల రికార్డులకూ తన గొంతుకూ పొంతన కుదరక, ఇది తన వల్ల కాదని నిశ్చయించుకున్న దశలో ఉపాధ్యాయులు ఆమెకు నార్మా విన్‌స్టన్ వంటి యూరోపియన్ గాయనులను వినిపించారు. విన్‌స్టన్‌ది కూడా తేలికైన, పారదర్శకమైన గొంతే. ఆమె మాటల్లేకుండా కేవలం స్వరంతో వాద్యాల మధ్య మరో వాద్యంలా కలిసిపోయే గాయని. అలా పాడినా అది జాజే అవుతుందని తెలియడం యూన్ సన్‌కు ఊపిరి పోసింది. ఆ ఉపాధ్యాయులు ఆమె గొంతును మార్చబోకుండా, ఆమె వినేదాన్ని మార్చారు. నా దృష్టిలో ఈ కథలో అసలైన మలుపు అదే.

2001లో తొలి ఆల్బమ్ ‘రెఫ్లే’ వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మూడు నాలుగు ఆల్బమ్‌లు బాగానే ఉంటాయి, అయితే వాటిలో ఆమె ఇంకా తనను తాను వెతుక్కుంటున్నట్టే తోస్తుంది. 2009లో మ్యూనిక్‌కు చెందిన ఏసీటీ అనే రికార్డు సంస్థ విడుదల చేసిన ‘వాయేజ్’తో ఆ వెతుకులాట ముగిసింది. స్వీడన్ గిటారిస్టు ఉల్ఫ్ వాకెనియస్ అందులో ఆమెకు తోడయ్యారు. జాజ్ పియానో దిగ్గజం ఆస్కార్ పీటర్సన్ చివరి దశాబ్దంలో ఆయన బృందంలో వాయించిన వాకెనియస్ వేగానికి పెట్టింది పేరు. అయినా ఆమె పక్కన కూర్చున్నప్పుడు ఒక్క తీగ మీటి, అది పూర్తిగా మోగి ఆగేదాకా వేచి ఉండగలరు. ఆమె సైతం ఆ నిశ్శబ్దాన్ని నింపాలని తొందరపడరు.

2010 నాటి ‘సేమ్ గర్ల్’ ఆల్బమ్‌లో మొదటి పాట ‘మై ఫేవరెట్ థింగ్స్’. జాన్ కోల్ట్రేన్ సాక్సఫోన్ మీద దీర్ఘంగా విస్తరించిన తర్వాత ఈ పాట జాజ్ లోకంలో ఎందరో ఎత్తుకున్న పాటగా మారింది. యూన్ సన్ దానికి బృందాన్నే తీసేశారు. చెక్కపెట్టె మీద బిగించిన లోహపు పలకలను బొటనవేళ్లతో మీటే కలింబా అనే చిన్న ఆఫ్రికన్ వాద్యం, ఆమె గొంతు, అంతే. వెనుక ఆసరా ఏదీ లేదు కనుక శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా దొరికిపోతుంది. పాట పొడవునా అది రాదు. అదే ఆల్బమ్‌లో హెవీ మెటల్ బృందం మెటాలికా వారి ‘ఎంటర్ శాండ్‌మన్’ కూడా ఉంది. గిటారు తోడుగా గుసగుసలా మొదలై, చివరికి అరుపు దాకా వెళ్లే ఆ పాటను మొదటిసారి వినేవారికి రెండు కొసల్లోనూ ఒకే మనిషి పాడుతున్నదంటే నమ్మకం కుదరడం కష్టం. కచేరీల్లో పాటల మధ్య ఆమె మాట్లాడే తీరు తెలిసినవారికైతే మరీను. వినబడీ వినబడని గొంతుతో, తలవంచి, ఇబ్బందిపడుతున్నట్టు నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటారు.

ఇదే ఆల్బమ్‌లోని ‘కంగ్వన్‌దో అరిరంగ్’ మన శ్రోతలు తప్పక వినవలసిన పాట. అరిరంగ్ కొరియా ప్రజల జానపద గీతం; అక్కడ ప్రాంతానికో అరిరంగ్ ఉంది. కొండలు నిండిన కంగ్వన్ ప్రాంతపు జానపద గీతం సంప్రదాయంగా మూడు, రెండు మాత్రల మేళవింపులో సాగుతుంది కనుక ఖండ నడకకు అలవాటుపడిన చెవికి వెంటనే పట్టుబడుతుంది. 2014లో సోచి శీతకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలో, తర్వాతి క్రీడలకు ఆతిథ్యమిచ్చే ప్యాంగ్‌చాంగ్ తరఫున ఓపెరా గాయని సుమి జో, గాయకుడు లీ సంగ్ చల్‌లతో కలిసి యూన్ సన్ అరిరంగ్ పాడారు. ఆ ప్యాంగ్‌చాంగ్ ఉన్నదీ కంగ్వన్‌లోనే. పారిస్ పేరు తెచ్చిపెట్టిన గాయనిని స్వదేశం తన ప్రతినిధిగా నిలబెట్టుకున్న సందర్భమది. ఫ్రాన్సు ప్రభుత్వం అప్పటికే, 2009లో, కళాసాహిత్య రంగాల షెవాలియే పురస్కారంతో ఆమెను గౌరవించింది. 2019లో అంతకన్న పై హోదా అయిన ఆఫీసియే కూడా ఇచ్చింది.

2013 నాటి ‘లెంటో’లో అకార్డియన్ వాద్యకారుడు విన్సెంట్ పెయిరానీ చేరారు. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ పియానో రచన ఆధారంగా సాగే శీర్షిక గీతం నుంచి గిటారుతో పోటాపోటీగా మాటల్లేకుండా పరుగెత్తే ‘మొమెంటో మాజికో’ దాకా, ఆమె శక్తులన్నీ ఒక్కచోట చేరిన ఆల్బమ్ ఇదేనని నా అభిప్రాయం. 2017లో న్యూయార్క్ సంగీతకారులతో చేసిన ‘షీ మూవ్స్ ఆన్’ను చాలామంది మెచ్చుకున్నారు గాని, అక్కడ బృందం నిండుగా వాయిస్తుంటే ఆమె గొంతు చుట్టూ ఉండే ఖాళీ జాగా నాకు దొరకలేదు. కరోనా కాలంలో కచేరీలు ఆగిపోయి కొరియాలో ఉండిపోయినప్పుడు పాటలన్నీ తానే కూర్చుకుని 2022లో ‘వేకింగ్ వరల్డ్’ తెచ్చారు. అది అంత సులువుగా లొంగే ఆల్బమ్ కాదు. రెండు మూడుసార్లు వింటే గాని పట్టు దొరకదు. 2024లో వచ్చిన ‘ఎల్’లో నీనా సిమోన్, ఎడిత్ పియాఫ్, బ్యోర్క్ వంటి గాయనుల పాటలను జాన్ కౌహెర్డ్ పియానో తోడుగా ఎత్తుకున్నారు. ఒకప్పుడు తనను భయపెట్టినంతటి గొంతుల పాటలను ఇప్పుడామె ఎవరినీ అనుకరించకుండా, తన సన్నని గొంతుతోనే నింపాదిగా పాడుతున్నారు. కొత్తగా వినదలచినవారు మాత్రం దీనితో కాక ‘సేమ్ గర్ల్’తో మొదలుపెట్టి, ‘లెంటో’ మీదుగా ఇక్కడికి రావడం మేలు.