రెండో నంబరు బటన్

పదకొండున్నర అయింది. నడుం కింద వేణ్ణీళ్ల సంచి పెట్టుకుని రాస్తున్నాను. పొద్దున విజయవాడ ఆటోనగర్‌లో, అదే బళ్ల పనులు చేసే పేటలో, జరిగింది ఎంతకీ మనసులోంచి పోవడం లేదు.

ముందు బండి సంగతి. మా ఆయన ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చిన ఎస్‌యూవీ, వయసు ఏడేళ్లు. ఇంజను మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వానలో వారధి మీద వెళ్తుంటే ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుంది. నా బాధంతా డ్రైవర్ సీటుతోనే. గుంటూరు దాకా 35 కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి అంతే. రోజూ.

ఈ సీటు వీపు భాగంలో చిన్న గాలి సంచులుంటాయి. పక్కనున్న బటన్ నొక్కితే పంపు జుయ్‌మంటూ వాటిని నింపుతుంది, నడుముకి ఆసరా వస్తుంది. మా దాంట్లో ఎక్కడో లీకు ఉంది. తాడేపల్లిలో నింపితే మంగళగిరి వచ్చేసరికి చదునైపోతుంది. కాజ టోల్‌గేటు దగ్గరికి వెళ్లేసరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. నేను 5 అడుగుల 1 అంగుళం. సీటు కింది భాగం పొడుగెక్కువ, దాని అంచు మోకాలి మడతలో ఒత్తుతూనే ఉంటుంది. వీపు ఆనిస్తే కాలు బ్రేకుకి సరిగా అందదు, కాలు అందేలా జరిగితే వీపు ఆనదు. కుడివైపు అంచులో ఫోమ్ అణిగిపోయింది. ముందు ఓనరు ఎక్కిందీ దిగిందీ దాని మీంచే కదా. దాంతో తెలియకుండానే తలుపు వైపు ఒరిగిపోతాను. ఇవన్నీ చాలవన్నట్టు హెడ్‌రెస్ట్ ముందుకు వంగి ఉంటుంది, జుట్టు ముడికి పెట్టుకున్న క్లిప్పు దానికి తగిలి గడ్డం కిందికి దిగుతుంది. "అంత ఖరీదైన బండిలో కూర్చుని నడుం నొప్పంటావేంటి" అంటారాయన. ఆయన 5 అడుగుల 11 అంగుళాలు. ఆ సీటు ఆయనకి కుట్టించినట్టు ఉంటుంది.

అందుకే ఈ రోజు సెలవు పెట్టి మరీ ఆటోనగర్‌లో ఒక కుషన్ వర్క్స్ షాపుకి వెళ్లాం. నాకు నొప్పి ఎక్కడెక్కడ వస్తోందో వరసగా చెప్పాను. అతను వింటూనే ఉన్నాడు, చూపు మాత్రం ఆయన వైపే. "కవర్ వేయించండి సార్, లోపల మెత్తగా ఇంకో పొర వేస్తాం, మేడంగారికి సుఖంగా ఉంటుంది" అన్నాడు. ఇంకో పొర వేస్తే ఆ అంచు ఇంకా పైకి లేస్తుంది కదండీ అన్నాను. "అలవాటైపోతుంది మేడం" అన్నాడు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంది, కవర్ దాన్ని కప్పేస్తే అది ఎలా తెరుచుకుంటుంది అని అడిగాను. "అందరూ వేయిస్తున్నారు సార్" అని ఆయనకే జవాబు. అడిగింది నేను! కలర్ల పుస్తకం కూడా ఆయన చేతికే ఇచ్చాడు. బండి నడిపేది నేనని నాలుగుసార్లు చెప్పాను. అరగంట సేపట్లో ఒక్కసారి కూడా, "మీరు ఎక్కి కూర్చోండి, చూస్తాను" అనలేదు.

ఆ మాట ఎందుకంత పట్టుకుందో ఇంటికొచ్చి అన్నం తింటుంటే అర్థమైంది.

ఇదే ఆటోనగర్‌లో నాన్న లారీకి సీటు చేయించడం చూశాను. ఎండాకాలం సెలవులు, నాకు ఎనిమిదేళ్లు. అప్పట్లో లారీ అంటే కంపెనీ నుంచి ఛాసిస్సే వచ్చేది, కేబిన్, బాడీ, సీటు అన్నీ ఇక్కడే కట్టేవారు. నన్నో పాత టైరు మీద కూర్చోబెట్టి చేతిలో గోలీసోడా పెట్టారు. సీటు పనిచేసే తాత నాన్నని ఎక్కించి కూర్చోమన్నాడు. "క్లచ్ తొక్కు. ఊఁ, ఇప్పుడు బ్రేకు." నాన్న తొక్కుతుంటే తాత కింద గొంతుక్కూర్చుని, సీటు అంచుకీ నాన్న మోకాలి మడతకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూశాడు. వేళ్లు దూరలేదు. నల్ల రెగ్జిన్ మీద సుద్దముక్కతో గీత గీసి, కుట్లు విప్పి, ముందు అంచులోంచి కొబ్బరిపీచు గుప్పెడు గుప్పెడు బయటికి లాగాడు. మళ్లీ కూర్చోమన్నాడు. మళ్లీ వేళ్లు. మళ్లీ ఇంకో గుప్పెడు. ఆ పీచు ముక్కలు నా గౌను నిండా పడ్డాయి, సాయంత్రం దాకా ఒళ్లంతా దురద. ఎన్నిసార్లు ఎక్కించి దించాడో లెక్కలేదు. చివరికి నాన్న "చాల్లే తాతా, లోడుకి టైమవుతోంది" అంటే, "నాగపూర్ దాకా నువ్వు కూర్చోవాలా, నేను కూర్చోవాలా?" అని కసిరాడు. ఆ సాయంత్రమే నూజివీడులో మామిడికాయల లోడు. ఇంజను పెట్టె మీద గోనెసంచి మడతపెట్టి నన్ను దాని మీద కూర్చోబెట్టి నూజివీడు దాకా తీసుకెళ్లారు. తిరుగు బస్సులో బాబాయి ఇంటికి తెచ్చాడు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీల కేబిన్లకి ఏసీ తప్పనిసరి అని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఇంజను పెట్టె వేడే. నాన్న ఉండుంటే ఆ వార్త చదివి వినిపించేదాన్ని.

అందుకని మధ్యాహ్నమంతా ఒకటే పట్టుదలగా ఉన్నాను. అలాంటి పనివాణ్ణి ఎక్కడున్నా వెతికి పట్టుకుని ఈ సీటు విప్పించాలి, ముందు అంచులో ఫోమ్ కోయించాలి అని. కానీ ఆలోచిస్తే అది కొబ్బరిపీచు సీటు కాదు. లోపల వైర్లు, మోటార్లు, ఎయిర్‌బ్యాగ్ ఉన్నాయి. పైగా ఇంకో సంగతి గుర్తొచ్చింది. అంత పట్టి పట్టి చేయించిన సీటులో కూడా నాన్న తువ్వాలు లేకుండా కూర్చోలేదు. నాలుగు మడతలు వేసి నడుం వెనక దోపుకునేవారు. సీటుది కొంత అయితే, కూర్చునే తీరుది కొంత. ఈ మూడు నెలల్లో నేను సీటుని తిట్టుకోవడమే తప్ప దాని బటన్లన్నీ వరసగా నొక్కి చూడలేదు. ఆయన పెట్టిన చోటు నుంచి కాస్త ముందుకి జరుపుకుని వెళ్లిపోతున్నాను, అంతే.

సాయంత్రం సెల్లార్‌లోకి వెళ్లి తలుపేసుకుని గంట కూర్చున్నాను. ముందు సీటు ఎత్తు పెంచాను. ఎత్తు పెరిగేకొద్దీ కాలు పెడల్ మీదికి పైనుంచి దిగుతుంది, మోకాలి కింద ఒత్తిడి తగ్గింది. సీటు ముందు అంచుని కిందికి వంచే బటన్ వేరే ఉందని ఈ రోజే చూశాను. రెండు వేళ్లు పెట్టి చూసుకున్నాను, దూరాయి! తర్వాత స్టీరింగ్‌ని నా వైపు లాక్కున్నాను, కానీ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి ఛాతీకీ దానికీ మధ్య 10 అంగుళాలు ఉండేలా టేపుతో కొలిచాను. గాలి సంచుల లీకు సంగతి తేలేదాకా వాటి జోలికి పోకుండా నాన్నలాగే తువ్వాలు చుట్టి పెట్టాను. అణిగిన కుడి అంచుకి మాత్రం పనివాడు కావాల్సిందే. ఈసారి నన్ను కూర్చోబెట్టి చూసేవాడి దగ్గరికే వెళ్తాను.

హెడ్‌రెస్ట్ దగ్గర మాత్రం నాకు ఇంకా కోపం పోలేదు. వెనక్కి తిప్పి పెట్టుకోమని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో చెబితే రెండు రోజులు అలాగే నడిపాను. వెనక నుంచి ఎవరైనా గుద్దితే తలని ఆపేది అదే అని తెలిశాక మళ్లీ సరిగా పెట్టేశాను. రేపు ముడి లేకుండా జడ వేసుకుని వెళ్తాను. సీటు కోసం జుట్టు ఎందుకు మార్చుకోవాలి అనిపిస్తుంది. ముడి ఉన్న తల ఒకటి ఉంటుందని ఆ సీటు గీసినవాళ్లకి ఎందుకు తోచలేదో!

తలుపు మీద, సీటుని ఎలా పెట్టుకున్నామో గుర్తుంచుకునే మెమరీ బటన్లు రెండున్నాయి. 1 ఆయనది. 2 ముందు ఓనరుది, అలాగే ఉండిపోయింది. కొన్న కొత్తలో ఒకసారి నొక్కితే సీటు బాగా వెనక్కి, కిందికి వెళ్లిపోయింది, ఎవరో పొడుగాటి మనిషి. ఈ రోజు దాని మీద నా సీటు సేవ్ చేశాను.

తొమ్మిదింటికి అత్తయ్య మాత్రల కోసం ఆయన బండి తీసుకెళ్లి వచ్చారు. నేను మళ్లీ కిందికి దిగి 2 నొక్కి చూశాను. సీటు మెల్లగా ముందుకొచ్చి, పైకి లేచి, నేను పెట్టిన చోటే ఆగింది. తువ్వాలు మాత్రం వెనక సీట్లో పడేసి ఉంది. తీసి, మళ్లీ చుట్టి, దాని చోట్లో పెట్టి వచ్చాను.